చాటెడు తవుడు

పోయిన వారం మనం భాగ్యశ్రీని విమానాల బడి గేటు ముందు నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజానికి వేలాడుతున్న హెడ్‌సెట్ సంచి, ఎండకు చిట్లించిన కళ్లు. పక్కన శిక్షకుడు లేకుండా మొదటిసారి ఒంటరిగా విమానం నడపాల్సిన రోజు అది. నిన్నటిదాకా నవ్వుతూ గేటు తీసిన కాపలావాడు ఇవాళ ముఖం పక్కకు తిప్పుకుని, పాసు ఆపేశారని, సారు వచ్చేదాకా బయటే ఉండమన్నారని చెప్పాడు. ఎందుకు ఆపారో అతనికి తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం పదే పదే చెప్పాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నందికొండ అవతల తెల్లబండ అని ఒక ఊరు. డ్యాం కట్టే రోజుల్లో పెద్దవాళ్లు దిగడానికి ఆ ఊరి పక్కన ఒక రన్‌వే వేశారు. ఊరివాళ్ల నోట్లో అది గాలిమోటరు జాగా. డ్యాం పూర్తయ్యాక పెద్దవాళ్లు రావడం మానేశారు, మేకలు రావడం మొదలుపెట్టాయి. తర్వాత ఎన్నాళ్లకో ఒక విమానాల బడి వచ్చి, మేకలతో సర్దుకుని బతికింది. దిగబోయే విమానం కింద మేకలు కనిపిస్తే ఇంకో చుట్టు తిరిగి వచ్చేది. అవతల తోటలున్నవాళ్లు రన్‌వేకు అడ్డంగా నడిచిపోయేవాళ్లు. ఒకసారి ఆకాశం వైపు చూసి దాటడం తెల్లబండ పిల్లలకు నడకతోపాటే వచ్చే విద్య.

అలాంటి చోటికి కొత్త భద్రతా నిబంధనలు వచ్చాయి. పెద్ద విమానాశ్రయానికి ఏ కట్టడి ఉందో, ఈ మేకల మైదానానికీ అదే కట్టడి. చుట్టూ గోడ, గోడ మీద ముళ్లతీగ, ఒక్కటే గేటు, లోపల అడుగుపెట్టే ప్రతివాళ్లకూ పాసు, పాసుకు ముందు పోలీసుల విచారణ. తోటల బాట మూతపడింది. అది చాలదన్నట్టు, గోడను ఆనుకుని చెట్లుంటే ఎవరైనా ఎక్కి లోపలికి దూకుతారని, అవతల బాబా మియా బత్తాయి తోటలో మొదటి సాలు చెట్లకు ఎర్రరంగు పూసి, కొట్టేయాలన్నారు. బాబా మియా కోర్టుకెక్కాడు. కాలువకు నీళ్లు వదిలే లష్కర్ జాషువా కూతురు భాగ్యశ్రీ మాత్రం, సర్కారు పథకంలో సీటు తెచ్చుకుని, అదే గోడ లోపల ఎగరడం నేర్చుకుంటోంది. కథ ఇక్కడిదాకా వచ్చింది.

గోపీకృష్ణ వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. ఈయన గోడతోపాటు వచ్చిన భద్రతాధికారి. కృష్ణ అవతలి ఒడ్డు మనిషి. చెడ్డవాడు కాదు. రూలు చెప్పేటప్పుడు తనే తప్పు చేసినట్టు మొహం పెడతాడు, కానీ చెప్పడం మానడు. కాపలా గది నీడలో భాగ్యశ్రీకి కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి, అప్పుడు అడిగాడు.

"మీ నాన్నగారి పేరేంటమ్మా?"

"జాషువా సార్. మీకు తెలుసు కదా."

"మీరు చెప్పిన పేరు నాకు తెలుసు. మీ ఊరు చెప్పిన పేరే వేరుగా ఉంది."

విచారణకు హెడ్ కానిస్టేబుల్ తెల్లబండకు వెళ్లాడట. ఈ అమ్మాయి ఎవరి బిడ్డ అని అడిగితే, అరుగు మీద కూర్చున్న ముసలమ్మ తడుముకోకుండా బాబా మియా బిడ్డ అందట. పక్కనున్న ఆడవాళ్లు కూడా అవునన్నారట. భాగ్యశ్రీకి నవ్వు వచ్చింది. తెల్లబండ ముసలమ్మలు పోలీసుల్ని ఆటపట్టించడం ఆమెకు కొత్తేమీ కాదు. కానీ ఎదురుగా గోపీకృష్ణ నవ్వడం లేదు. నవ్వు సగంలో ఎలా ఆపాలో తెలియక ఆమె మంచినీళ్లు తాగింది.

ఆయన ఇబ్బందిగా చెప్పుకుపోయాడు. విమానాశ్రయం మీద కేసు వేసిన మనిషి కూతురు అదే విమానాశ్రయం లోపల తిరుగుతోందంటే పైనున్నవాళ్లు ఎవరూ ఒప్పుకోరు. తాత్కాలిక పాసులు కొత్త రూల్లో లేవు. ఈ బ్యాచ్ ఒంటరి ప్రయాణాలు రేపటితో అయిపోతాయి. పాసు లేనివాళ్ల పేరు బడి కొట్టేస్తుంది, పేరు పోతే పథకం సీటూ పోతుంది. దారి ఒక్కటే ఉంది. రేపు పొద్దున బాబా మియా ఈ గేటు దగ్గరికి వచ్చి, తన ముందు, హెడ్ కానిస్టేబుల్ ముందు, ఈ అమ్మాయి తనకు ఏమీ కాదని ఒక్క మాట చెబితే చాలు. అక్కడికక్కడే పాసు ఇప్పించే పూచీ తనది.

"ఒక్క మాటే కదమ్మా," అన్నాడు. భాగ్యశ్రీకీ అలాగే అనిపించింది. లేని చుట్టరికం లేదని చెప్పడానికి ఎవరికైనా ఏం కష్టం?

స్కూటీ మీద ఊళ్లోకి వస్తుంటే ఆమెకు ముందు కోపమొచ్చింది, తర్వాత అయోమయం పట్టుకుంది. ముసలమ్మ అంటే గుర్వమ్మే అయి ఉండాలి. ఆ అరుగు ఆమెదే. ఊళ్లో సగం కాన్పులు ఆమె చేతి మీదుగా జరిగినవే. భాగ్యశ్రీ స్కూటీ ఆపేసరికి గుర్వమ్మ ఎప్పటిలాగే కాళ్లు చాపుకుని పల్లికాయ ఒలుస్తోంది. పోలీసుకు అట్లా ఎందుకు చెప్పావని అడిగితే, ఆమె చేతిలో కాయ చేతిలోనే ఆపి ఎగాదిగా చూసింది.

"గట్ల గాక ఎట్ల చెప్పాలెనే? ఎవడో ఖాకీబట్టలోడు నీ పేరు రాసుకపోతానికి వచ్చిండు. ఆనికి నీ కన్నతల్లి పేరు చెప్తనా? గా పేరు చెప్పకనే కదా నువ్వు దక్కినవ్. ఇప్పుడు ఆకాశంల తిరుగుతున్నవ్, ఇంకా భద్రంగుండాలె."

భాగ్యశ్రీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కన్నతల్లి పేరు చెబితే ఏమవుతుందని అడిగింది. గుర్వమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నీకు చెప్పలేదా అని గొణిగి, ఇంటికి పోయి మీ అమ్మనడుగు పో అని మళ్లీ పల్లికాయల్లో తలదూర్చింది. అందరికీ తెలిసిన సంగతి ఏదో తనకొక్కదానికే తెలియదని భాగ్యశ్రీకి అప్పుడు అర్థమైంది.

భాగ్యశ్రీ తల్లి బిక్షమ్మ బాబా మియా తోటలో కూలీకి పోతుంది. గోడ కట్టినప్పటి నుంచి గుట్ట చుట్టూ తిరిగి పోవాల్సి రావడంతో, ఒకరోజు పోతే ఒకరోజు మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఇంట్లో ఉంటోంది. ఇవాళ నూనె రోజు. కూతురు అడిగిన ప్రశ్న విని నూనెగిన్నె పక్కకు పెట్టింది. వాకిట్లోకి తొంగిచూసింది. జాషువా కాలువ మీద ఉన్నాడని తెలుసు, అయినా చూసింది.

"నీకంటే ముందు ఇద్దరు పుట్టి పోయిండ్రు," అంది. "నువ్వన్న దక్కాలెనని నిన్ను అమ్మిన."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, భాగ్యశ్రీ ఇంకోసారి అడగాల్సి వచ్చింది.

పురిటి పిల్లలు నిలవని ఇంట్లో చావును మోసం చేయడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టి ఇంకొకరి గడపలో పెడతారు. ఆ ఇంటివాళ్లు చాటెడు తవుడు కొలిచి ఇచ్చి బిడ్డను కొనుక్కుంటారు. ఇక ఆ బిడ్డ వాళ్లదే. పాలివ్వడానికి, పెంచడానికి మాత్రం కన్నతల్లికి తిరిగి అప్పగిస్తారు. చావు వెతుక్కుంటూ వచ్చినా, ఆ తల్లికి బిడ్డే లేదని వెళ్లిపోవాలి. అందుకే బయటివాళ్లు ఎవరడిగినా కొన్నవాళ్ల పేరే చెప్పాలి. బిడ్డ పెద్దయ్యాక ఒకరోజు కన్నతల్లి చాటెడు తవుడు తిరిగిచ్చి బిడ్డను మళ్లీ కొనుక్కుంటే లెక్క సరిపోతుంది. భాగ్యశ్రీని గుర్వమ్మ చాటలో మోసుకెళ్లింది. బాబా మియా భార్య ఖాతూన్ గడప లోపలికి ఎత్తుకుంది.

జాషువాకు తెలిసిన రోజున ఇంట్లో పెద్ద గొడవ జరిగిందట. దేవుడు ఇచ్చిన బిడ్డకు బేరం పెడతావా అని ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదట. ఆ మాట ఇక ఇంట్లో ఎత్తొద్దన్నాడు. అది ఎత్తకపోవడంతో తిరిగి కొనడమన్న మాటా ఎత్తలేదు. అంటే తవుడు వాపసు పోలేదు. అంటే తెల్లబండ లెక్కలో భాగ్యశ్రీ ఈ రోజుకీ బాబా మియా బిడ్డే. గుర్వమ్మ అబద్ధం ఆడలేదు.

భాగ్యశ్రీ గోడకు చేరగిలబడి కూర్చుంది. చిన్నప్పటి నుంచి ఊరంతా ఆయన్ని మియా సాబ్ అంటే, తనొక్కతే అబ్బాజాన్ అని పిలుస్తోంది. ఆయన కొడుకు సైఫ్ అలా పిలుస్తాడు గనక తనకూ అలవాటైందనుకుంది. రంజాన్‌కు సైఫ్‌తోపాటు తనకూ కొత్త బట్టలొచ్చేవి. పక్కింటివాళ్ల మంచితనం అనుకుంది. గోడ లేచిన తర్వాత ఆయన తనతో మాట్లాడటం మానేశాడు. కేసు పెట్టిన మనిషి కదా, గోడ లోపలికి పోయేదాని మీద కోపం ఉండదా అనుకుంది. ఇప్పుడు ఒక్కొక్కటీ తీసి చూసుకుంటే దేనికీ అనుకున్న అర్థం ఉన్నట్టు లేదు. అమ్మ మీద కోపం రావాలో, జాలి పడాలో తెలియలేదు. ఎవరి బిడ్డవని అడిగితే ఇప్పుడు తనేం చెప్పాలి?

చివరికి పనిలోకి దిగింది. ఆమె తీరే అంత, ఏమీ తోచనప్పుడు చేయాల్సిన పని వెతుక్కుంటుంది. తవుడు ఇచ్చేస్తే అయిపోతుంది కదా అని తల్లిని లేపింది. గిర్నీలో తవుడు పోయించుకొచ్చారు. ఇద్దరూ బాబా మియా ఇంటికి వెళ్లారు.

ఖాతూన్ వాళ్లను చూసి, చాట చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లోపలికి రమ్మని తీసుకెళ్లి చాయ్ పెట్టింది. బాబా మియా మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. గేటు సంగతి, రేపటి గడువు, ఒక్క మాట సంగతి, అన్నీ. తవుడు వైపు చూడలేదు. బిక్షమ్మ చాట ముందుకు జరిపితే కాలు వెనక్కి తీసుకున్నాడు. రేపు పొద్దున గేటు కాడికి వస్తా, చెప్పేదేదో అక్కడే చెప్తా అన్నాడు. అది సరేనన్నట్టో, కాదన్నట్టో ఖాతూన్‌కు కూడా తెలియలేదు. చాట తిరిగి ఇంటికొచ్చింది.

మర్నాడు గేటు బయట అందరూ ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. గోపీకృష్ణ గేటు గొళ్లెం మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. తవుడు కథంతా భాగ్యశ్రీ నోట ముందే విన్నాడు, ఇక తెరవడమే తరువాయి అని ఆయన నమ్మకం. హెడ్ కానిస్టేబుల్ కుర్చీలో కూర్చున్నాడు. భాగ్యశ్రీ మళ్లీ తెల్లచొక్కా వేసుకుంది. బిక్షమ్మ చాటను కొంగు కింద దాచుకుని తెచ్చింది. కాలువకు నీళ్లు వదిలే రోజని జాషువా రాలేదు, రాకపోవడానికి అదొక్కటే కారణం కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బాబా మియా ఉతికిన తెల్లలాల్చీ వేసుకుని, భుజాన తువ్వాల వేసుకుని, భార్యతో నడిచి వచ్చాడు.

గోపీకృష్ణ మర్యాదగా అడిగాడు. ఈ అమ్మాయి మీకేమవుతుంది?

"నా బిడ్డ," అన్నాడు బాబా మియా.

హెడ్ కానిస్టేబుల్ తలాడించాడు, నేను ముందే చెప్పానుగా అన్నట్టు. బిక్షమ్మ చిన్నగా మూలిగింది. భాగ్యశ్రీ బాబా మియా వైపు తిరిగింది. పగ తీర్చుకుంటున్నాడా? ఇన్నాళ్లు మాట్లాడని మనిషి, ఈ ఒక్క మాట కోసమే దాచుకున్నాడా?

అదంతా నమ్మకాలండీ, తవుడూ చాటా చట్టానికి పట్టవు, మీరు ఉన్న సంగతి చెప్పండని గోపీకృష్ణ నచ్చజెప్పబోయాడు.

"చట్టానికి పట్టకుంటే పాసు ఎందుకు ఆపిండ్రు సార్?" అన్నాడు బాబా మియా. ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. బాబా మియా గోడకేసి చెయ్యి చూపించాడు. గోడ మీది నుంచి, ముళ్లతీగ వెనక, బత్తాయి చెట్ల తలలు కనిపిస్తున్నాయి. "కేసు నా కోసం ఏసిననుకుంటున్నరా? నా తోట ఇంకా మస్తుంది. గా మొదటి సాలు నాది కాదు. బిడ్డను కొన్న ఏడు ఆమె పేరు మీద పెట్టిన. కొన్న బిడ్డకు ఏదన్న పెట్టాలె కదా. సైఫ్ కూడా గా సాలు కాయ తెంపడు. మీరొచ్చి గా చెట్లకే రంగు పూసిండ్రు."

భాగ్యశ్రీకి ఆ సాలు తెలుసు. పైనుంచి దిగేటప్పుడు ఆమెకు గుర్తు అదే. ఆ చెట్ల వరస దాటగానే వేగం తగ్గించు, రన్‌వే నీ కాళ్ల కిందే ఉంటుందని శిక్షకుడు మొదటి రోజు నేర్పాడు. ఎర్రరంగు పడ్డాక ఇంకా సులువుగా కనిపిస్తున్నాయని తనే ఒకరోజు నవ్వుతూ అంది. ఇన్నాళ్లూ తన చెట్లను చూసుకుంటూ తను దిగుతోంది.

"అబ్బాజాన్ నాతోని ఎందుకు మాట్లాడలే మరి," అని ఆమె ఖాతూన్‌ను గొంతు తగ్గించి అడిగింది. ఖాతూన్ అంతకంటే తగ్గించి చెప్పింది. కేసు వేసినోడు నీతో మాట్లాడుతుంటే చూసినోళ్లు లోపల నీకు తిప్పలు పెడతారని, వీధిలో నువ్వు ఎదురైతే తలదించుకుని పొయ్యేటోడు బేటీ. ఇంటికొస్తే అన్నం సయించేది కాదు.

గోపీకృష్ణ ముఖం ఎర్రబడింది. ఆయనకు ఇప్పుడు గొళ్లెం మీద చెయ్యి ఉంచాలో తీయాలో తెలియడం లేదు. చెట్లు ఈ అమ్మాయివైతే కేసూ ఈ అమ్మాయిదే అవుతుందని, అప్పుడిక తన చేతుల్లో ఏమీ ఉండదని, మాట కూడబలుక్కుంటూ అన్నాడు. ఆ చెట్లు తనవి కావని, బాబా మియా తనకు ఏమీ కాడని అమ్మాయే చెప్పాలన్నాడు. ఆయన కూడా సరేనంటే, ఇప్పటిదాకా విన్నది తను విననట్టే అనుకుంటానన్నాడు. హెడ్ కానిస్టేబుల్ గోడ మీది ముళ్లతీగను శ్రద్ధగా చూడసాగాడు.

అప్పుడు బిక్షమ్మ కొంగు తీసి చాట బయట పెట్టింది. మియా సాబ్, మీ కాళ్లమీద పడతా, తవుడు తీసుకోండి అంది. బాబా మియా తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఇస్తే తీసుకోను బిక్షమ్మా. నీకు ఇయ్యాలెననుంటే ఎన్నడో ఇద్దువు. ఇప్పుడు పిల్ల పెద్దదైంది. ఆమె పోస్తే తీసుకుంట."

చాట భాగ్యశ్రీ చేతుల్లోకి వచ్చింది. బరువేమీ లేదు. బాబా మియా భుజం మీది తువ్వాల తీశాడు, ఒకసారి దులిపాడు, రెండు చేతుల మీదా పరిచి ఆమె ముందు పట్టాడు.

"పొయ్యి బిడ్డా," అన్నాడు. "పోసి లోపలికి పో. ఫికర్ చెయ్యకు. నువ్వు పోస్తివంటే నాకేం కావు, చెట్లు నీవి కావు. సార్‌కు నేనే చెప్త. చెట్లు కొట్టుకోమని గూడ చెప్త."

గోడ లోపల ఎవరో విమానం ఇంజను పెట్టారు. ఆ చప్పుడు ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. అది తను ఎక్కాల్సిన బండే. తను రాకపోతే వరసలో తర్వాతివాళ్లు ఎక్కుతారు. భాగ్యశ్రీ చాట ఎత్తింది. నిన్నటి నుంచి ఊరంతా తిరిగింది దీనికోసమే. ఇక వంచడమే. తవుడు జారి తువ్వాలలో పడుతుంది, గేటు తెరుచుకుంటుంది.

చేతులు వంగలేదు. ఎందుకు వంగడం లేదో ఆమెకే తెలియడం లేదు. ఆయన ముఖంలోకి చూసింది. చిన్నప్పటి నుంచి భయమేసినా, ఆకలేసినా, దెబ్బ తగిలినా ఆ ముఖం చూసి ఏ మాట అనేదో, ఆలోచించకుండానే ఇప్పుడూ అదే మాట అంది.

"అబ్బాజాన్."

హెడ్ కానిస్టేబుల్ ముళ్లతీగ మీది నుంచి చూపు దించాడు. గోపీకృష్ణ ఆమె వైపు, తువ్వాల పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు చూసి, గేటు తెరవకుండానే గొళ్లెం మీది నుంచి చెయ్యి తీసేశాడు.